పాత కంప్యూటర్‌కి మన చేత్తో చేసుకునే పప్పీ లినక్స్ సీడీ: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఉండేది కావలిలో. అటక మీద పడున్న కంప్యూటర్లు, షాపు మూసేసి మూలన పెట్టిన కంప్యూటర్లు, పాతసామాన్ల బండికి వేసెయ్యబోతూ చివరి నిమిషంలో ఆగిన కంప్యూటర్లు కొన్నేళ్లుగా నా దగ్గరికి వస్తూనే ఉన్నాయి. ఎక్కువ వాటికి నేను వేసేది పప్పీ లినక్సే. ఇటు గూడూరు నుంచి అటు చీమకుర్తి దాకా ఫోన్ చేసేవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరుసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లండి. అయితే ఏం ఉంచాలి, ఏం తీసెయ్యాలి అన్న ప్రశ్న మాత్రం అందరూ చదవండి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

పప్పీ లినక్స్ అంటే ఏంటన్నా? విండోస్ లాంటిదేనా?

ఆపరేటింగ్ సిస్టమే, కాకపోతే హార్డ్ డిస్క్‌లో ఇన్‌స్టాల్ చెయ్యకుండా సీడీ నుంచో పెన్‌డ్రైవ్ నుంచో నేరుగా లేస్తుంది. ఆస్ట్రేలియాకి చెందిన బ్యారీ కౌలర్ 2003లో మొదలుపెట్టాడు. ఆయన పెంచుకున్న చువావా కుక్కపిల్ల పేరే దీనికి పెట్టాడు. దీని గొప్పతనం ఎక్కడుందంటే, సిస్టం మొత్తం ఒక గట్టిగా కుదించిన ఫైల్‌లో ఉంటుంది, దాన్ని ఎస్ఎఫ్ఎస్ ఫైల్ అంటారు, ర్యామ్ సరిపడా ఉంటే ఆ ఫైల్ మొత్తాన్ని ర్యామ్‌లోకి లాగేసుకుని అక్కడి నుంచే నడుస్తుంది. పాత కంప్యూటర్లో అన్నిటికన్నా నెమ్మదిగా పనిచేసేది హార్డ్ డిస్కే కదా, దాని జోలికే వెళ్లదు కాబట్టి పదిహేనేళ్ల కంప్యూటర్లో కూడా మెనూ నొక్కగానే తెరుచుకుంటుంది. హార్డ్ డిస్క్ పూర్తిగా పోయిన కంప్యూటర్ కూడా దీంతో నడుస్తుంది, అలాంటివి రెండు ఇప్పటికీ మా వీధిలోనే వాడుతున్నారు.

విండోస్ ఎక్స్‌పీ బాగానే నడుస్తోంది, అదే ఉంచుకోకూడదా?

నెట్‌కి కలపకుండా పాత ఆటలకో పాత అకౌంట్ల ప్రోగ్రామ్‌కో వాడుకుంటే ఉంచుకోండి. నెట్‌కి కలిపితే మాత్రం వద్దు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లో, విండోస్ 7కి 2020 జనవరిలో, విండోస్ 10కి 2025 అక్టోబరులో మామూలు సపోర్టు ఆపేసింది. ఆ విండోస్ 10 తేదీ తర్వాత నాకు ఫోన్లు బాగా పెరిగాయి. కంప్యూటర్ నిక్షేపంలా ఉంటుంది, కొత్త విండోస్ మాత్రం ఎక్కనంటుంది.

నా కంప్యూటర్‌కి పనికొస్తుందా?

మూడు సంగతులు చూడాలి. మొదటిది ర్యామ్. 512 ఎంబీ ఉంటే టైపింగు, పీడీఎఫ్ చదవడం, పాటలు వినడం జరిగిపోతాయి. 1 జీబీ ఉంటే హాయి. బ్రౌజర్ గట్టిగా వాడాలంటే మాత్రం 2 జీబీ కావాలి, ఇందులో మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఎందుకంటే ఇప్పటి వెబ్‌సైట్లే అంత బరువు, పప్పీ ఎంత తేలికైనా ఆ బరువు తగ్గించలేదు. పాత డీడీఆర్2 ర్యామ్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే ముందు అది వేయించండి, మీరు పెట్టే డబ్బుకి అంతకన్నా ఫలితం ఇచ్చేది ఇంకోటి లేదు.

రెండోది, ప్రాసెసర్ 32 బిట్టా 64 బిట్టా అన్నది. కోర్ 2 డుయో అయితే 64 బిట్ నడుస్తుంది. తొలి పెంటియం 4లు, తొలి ఆటం నెట్‌బుక్కులు చాలావరకు 32 బిట్. తప్పు సీడీ వేస్తే కంప్యూటర్ పాడవదు, నల్ల తెర మీద ఈ కెర్నల్‌కి (సిస్టం గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) 64 బిట్ ప్రాసెసర్ కావాలి అనే అర్థంతో ఒక వరుస వచ్చి ఆగిపోతుంది, అంతే. టెన్షన్ పడకుండా వేరే సీడీ వెయ్యండి.

మూడోది పాత పెంటియం ఎమ్ ల్యాప్‌టాప్‌లు ఉన్నవాళ్లకే. వాటిలో కొన్ని తమకి పీఏఈ (32 బిట్ ప్రాసెసర్ 4 జీబీకి మించి ర్యామ్ వాడుకునే సౌకర్యం) లేదని చెబుతాయి, అప్పుడు సిస్టం లేవదు. బూట్ వరుస, అంటే లేచేటప్పుడు మెనూలో ఇచ్చే ఆదేశం, దాని చివర ఫోర్స్‌పీఏఈ అని కలిపితే చాలాసార్లు లేస్తుంది. లేవకపోతే పీఏఈ అక్కర్లేని కెర్నల్‌తో వచ్చిన తార్‌పప్ లాంటి పాత పప్పీ వెతుక్కోవాలి. ఇక పెంటియం 3, అథ్లాన్ ఎక్స్‌పీల సంగతి అంటారా, వాటి ప్రాసెసర్లలో ఎస్ఎస్ఈ2 అనే ఆదేశాల సెట్ లేదు, ఇప్పటి ఫైర్‌ఫాక్స్ అసలు తెరుచుకోదు. టైపింగ్ నేర్చుకోవడానికి, లెక్కలు రాసుకోవడానికి మాత్రం అవి బ్రహ్మాండంగా పనికొస్తాయి.

పప్పీల్లో చాలా రకాలున్నాయి, ఏది తీసుకోవాలి?

పప్పీ అనేది ఒక్కటే సిస్టం కాదు, ఒక కుటుంబం. వూఫ్ అనే పనిముట్టుతో ఉబుంటు, డెబియన్, స్లాక్‌వేర్‌ల ప్యాకేజీలు తీసుకుని కట్టుకొస్తారు. బయోనిక్‌పప్32 ఉబుంటు 18.04 మీద, ఫాసాపప్64 ఉబుంటు 20.04 మీద, బుక్‌వార్మ్‌పప్ డెబియన్ 12 మీద కట్టినవి. నేను ఇప్పుడు 64 బిట్‌కీ 32 బిట్‌కీ ముందు బుక్‌వార్మ్‌పప్ వేసి చూస్తాను, అది మరీ బరువుగా ఉందనిపిస్తే వెనక్కి వెళ్లి బయోనిక్‌పప్32 తీసుకుంటాను. పాత వాటి వెనకున్న ఉబుంటులకి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, ఆ సంగతి తెలిసి వాడండి. డౌన్‌లోడ్ చేసిన ఐఎస్ఓ, అంటే సీడీ మొత్తం ఉండే ఒకే ఫైల్, 700 ఎంబీ దాటితే సీడీలో పట్టదు, డీవీడీ కావాలి.

సీడీ మంచిదా పెన్‌డ్రైవ్ మంచిదా?

పెన్‌డ్రైవ్ వేగం, దాన్నుంచి లేచే కంప్యూటర్ అయితే అదే వాడండి. కానీ సీడీకి ఒక గుణం ఉంది, ఒకసారి రాసి మూసేశాక దాన్ని ఎవరూ చెరపలేరు, వైరస్ కూడా. పిల్లలు వాడే చోట, పదిమంది చేతులు పడే చోట నేను సీడీయే ఇస్తాను. ఏం నొక్కినా, ఏం డిలీట్ చేసినా ఆపి మళ్లీ వేస్తే మొదటి రోజు ఉన్నట్టే లేస్తుంది.

ట్రంకు రోడ్డులో ఒకప్పుడు ప్రతి షాపులో దొరికిన ఖాళీ సీడీలు ఇప్పుడు వెతికితే గానీ దొరకట్లేదు, దొరికినప్పుడు పది కొని పెట్టుకోండి. రాసేటప్పుడు వేగం బాగా తగ్గించి రాయండి. పాత డ్రైవులు పూర్తి వేగంతో రాసిన సీడీలు చదవలేక మొరాయిస్తాయి. చీమకుర్తి వైపు నుంచి వచ్చే కంప్యూటర్లలో అయితే డ్రైవ్ కటకం మీద గ్రానైట్ పొడి పేరుకుని ఉంటుంది, సీడీ బాగాలేదని తిట్టుకునే ముందు దాన్ని మెత్తటి దూదితో తుడవండి.

పెన్‌డ్రైవ్ నుంచి లేవని కంప్యూటర్‌లో ఇంకో దారి ఉంది. ప్లాప్ బూట్ మేనేజర్ అనే చిన్న ప్రోగ్రామ్‌ని సీడీలో రాసి దాంతో లేపితే, అది పెన్‌డ్రైవ్‌ని గుర్తుపట్టి అక్కడికి పంపుతుంది. బూట్ మెనూకి ఏ కీ నొక్కాలన్నది కంపెనీని బట్టి మారుతుంది, ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ ఎక్కువగా కనిపిస్తాయి. బయోస్‌లోకి అయితే డిలీట్ గానీ ఎఫ్2 గానీ.

సీడీ మీద రాయలేం కదా, మరి నేను చేసిన మార్పులు ఎక్కడికి పోతాయి?

ఇది అర్థమైతే పప్పీ మొత్తం అర్థమైనట్టే. అచ్చువేసిన బొమ్మ మీద ట్రేసింగ్ పేపర్ పరిచి దాని మీద గీసుకుంటున్నారు అనుకోండి. అచ్చుబొమ్మ ఎస్ఎఫ్ఎస్ ఫైల్, ట్రేసింగ్ పేపర్ మీ సేవ్ ఫైల్. చూసేవాళ్లకి రెండూ కలిసి ఒకే బొమ్మలా కనిపిస్తాయి. మొదటిసారి ఆపేటప్పుడు సేవ్ చెయ్యమంటారా అని అడుగుతుంది, హార్డ్ డిస్క్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో సేవ్ ఫైల్ పెట్టుకోవచ్చు. ఎఫ్ఏటీ32 డిస్క్ అయితే ఆ ఫైల్ 4 జీబీ దాటకూడదు. లినక్స్ పార్టిషన్ (డిస్క్‌లో లినక్స్ కోసం విడదీసిన భాగం) ఉంటే ఫైల్ బదులు సేవ్ ఫోల్డర్ పెట్టుకోండి, అదే మేలు, సైజు ముందుగా నిర్ణయించుకునే పని ఉండదు.

ఏదైనా తేడా చేస్తే బూట్ వరుసలో పీఫిక్స్ ఈక్వల్స్ ర్యామ్ అని ఇవ్వండి, ట్రేసింగ్ పేపర్ పక్కన పెట్టి అచ్చుబొమ్మతో మాత్రమే లేస్తుంది. తప్పు మీ మార్పుల్లో ఉందా, కంప్యూటర్లో ఉందా అన్నది రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

కరెంటు పోతే?

పెన్‌డ్రైవ్ మీద నడుస్తుంటే పప్పీ మీ మార్పుల్ని ర్యామ్‌లో ఉంచుకుని అప్పుడప్పుడు మాత్రమే పెన్‌డ్రైవ్‌లో రాస్తుంది, మామూలుగా 30 నిమిషాలకోసారి. పెన్‌డ్రైవ్ త్వరగా అరిగిపోకుండా చేసిన ఏర్పాటు అది. మధ్యలో కరెంటు పోతే ఆ అరగంట పని పోతుంది. వేసవిలో ఒక మధ్యాహ్నం మా బంధువుల అమ్మాయి రాసుకున్న ప్రాజెక్టు ఇలాగే పోయింది, దగ్గర కూర్చుని మళ్లీ టైప్ చేయించాను, అప్పటి నుంచి నేను ఇచ్చే ప్రతి కంప్యూటర్లో ఆ గడువు 10 నిమిషాలకి తగ్గిస్తున్నాను, డెస్క్‌టాప్ మీద సేవ్ బొమ్మ ఉంటుంది, ముఖ్యమైన పని అయితే అది నొక్కమని చెబుతున్నాను. యూపీఎస్ లేని ఇంట్లో ఇది తప్పనిసరి. సేవ్ ఫైల్ దెబ్బతిందని అనుమానం వస్తే పీఫిక్స్ ఈక్వల్స్ ఎఫ్ఎస్‌సీకే అని ఇచ్చి లేపండి, సరిచూసుకుంటుంది.

సరే, మన సొంత సీడీ చేసుకోవాలి. ఏం ఉంచాలి, ఏం తీసెయ్యాలి?

అందరూ ఇక్కడే తప్పు చేస్తారు, నేను కూడా మొదట్లో చేశాను. సొంత సీడీ అనగానే ఏమేం కలపాలా అని జాబితా రాయడం మొదలుపెడతారు. ఆఫీసు ప్యాకేజీ, మూడు బ్రౌజర్లు, వీడియో ఎడిటర్, ఆటలు. చివరికి అది తేలికైన సిస్టమే కాకుండా పోతుంది. జాబితా కాదు రాయాల్సింది, ఆ కంప్యూటర్ ముందు ఎవరు కూర్చుంటారో రాయండి. వాళ్లు పొద్దున్న స్విచ్ వేశాక ఏం చేస్తారో వరుసగా ఊహించుకోండి.

బిట్రగుంటలో రైల్వేలో చేసి రిటైరైన ఒక పెద్దాయనకి చేసిచ్చాను. ఆయన పేపర్ చదువుతారు, మనవడితో మాట్లాడతారు, అన్నమయ్య కీర్తనలు వింటారు. అంతే. ఆయన డెస్క్‌టాప్ మీద నాలుగే బొమ్మలు, అక్షరాలు పెద్దవి, సింగిల్ క్లిక్. మెనూలో పార్టిషన్లు చెరిపే ప్రోగ్రామ్ ఉంచడం ఎందుకు? తీసేశాను. ఆత్మకూరులో గ్రూప్స్‌కి చదువుకునే అబ్బాయికి చేసింది ఇంకో రకం, పీడీఎఫ్ రీడరు, నోట్స్ రాసుకునే ఎడిటరు, టైమరు, బ్రౌజర్ ఉంది గానీ డెస్క్‌టాప్ మీద కనిపించదు, ఆ అబ్బాయే అలా కావాలన్నాడు. సింగరాయకొండలో జిరాక్స్ షాపుకి చేసిన దాంట్లో ప్రింటింగు, స్కానింగు, ఫొటోలు పాస్‌పోర్ట్ సైజులో కత్తిరించే ప్రోగ్రామ్ తప్ప మరేం లేవు, షాపతను ఆపేటప్పుడు కస్టమర్ల ఆధార్ కాపీలు అందులో మిగలకూడదు కాబట్టి సేవ్ ఫైలే పెట్టలేదు, ఆపితే అన్నీ చెరిగిపోతాయి. ఈ మూడూ ఒకే పప్పీ. తేడా అంతా తీసెయ్యడంలోనే ఉంది.

ఇంకో సంగతి. మామూలుగా వాడుతూ ప్రోగ్రామ్‌ని తీసేస్తే జాగా కలిసి రాదు. ట్రేసింగ్ పేపర్ ఉదాహరణే మళ్లీ, కింద అచ్చుబొమ్మ అలాగే ఉంది, దాని మీద మీరు తెల్ల కాగితం ముక్క అతికించారు అంతే. నిజంగా తగ్గాలంటే అచ్చే మార్చాలి, అంటే రీమాస్టర్ చెయ్యాలి.

పనికిరాదని తీసెయ్యగల వాటిలో పెద్దవి డాక్యుమెంటేషన్ ఫోల్డరు, మనకి అక్కర్లేని భాషల లొకేల్ ఫైళ్లు. డ్రైవర్లు, ఫర్మ్‌వేర్ (వైఫై కార్డు, ప్రింటర్ లాంటి పరికరాల లోపల నడిచే సాఫ్ట్‌వేర్) జోలికి మాత్రం వెళ్లొద్దు. సీడీ ఒక్క కంప్యూటర్‌కే అనుకుని వైఫై ఫర్మ్‌వేర్ తీసేస్తారు, నెల తిరగకుండా ఆ సీడీ పక్కింటి ల్యాప్‌టాప్‌లో పడుతుంది.

రీమాస్టర్ ఎట్టా చెయ్యాలి?

ముందు కొత్తగా, సేవ్ ఫైల్ లేకుండా లేపండి. కావాల్సినవి వేసి, అక్కర్లేనివి తీసి, వాల్‌పేపర్, అక్షరాల సైజు, మెనూ అన్నీ మీకు నచ్చినట్టు పెట్టి ఒక సేవ్ ఫైల్ చేసుకోండి. నాలుగు రోజులు వాడండి, హడావిడి వద్దు. అప్పుడు సెటప్ మెనూలో రీమాస్టర్ పప్పీ లైవ్ సీడీ అని ఉంటుంది, అది తెరిస్తే పని చెయ్యడానికి ఒక పార్టిషన్ అడుగుతుంది, కనీసం 2 జీబీ ఖాళీ ఉన్నది చూపించండి. అది ఒక్కో ఫోల్డర్‌ని కాపీ చేసుకుంటూ పోతుంది, మధ్యలో ఆగి, రూట్, ఈటీసీ ఫోల్డర్లలో ఏం పెట్టాలో ఒకసారి చూసుకోమంటుంది. అక్కడ తొందరపడి ఓకే నొక్కెయ్యొద్దు. మీ ఇంటి వైఫై పాస్‌వర్డ్, బ్రౌజర్‌లో గుర్తుంచుకున్న లాగిన్లు అక్కడే ఉంటాయి. మీ సీడీ ఇంకొకరి చేతికి వెళితే అవి కూడా వెళతాయి.

కుదింపు రకం ఏది అని అడిగితే, ఎక్స్‌జెడ్ అయితే ఫైల్ చిన్నదవుతుంది గానీ విప్పడానికి ప్రాసెసర్ ఎక్కువ కష్టపడాలి. పెంటియం 4 మీద ఆ తేడా తెలుస్తుంది. సీడీలో జాగా ఉంటే జీజిప్ పెట్టండి. చివర్లో ఐఎస్ఓ వస్తుంది. దాన్ని వెంటనే సీడీ మీద రాయకండి, కొత్త కంప్యూటర్లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ నడిపే ప్రోగ్రామ్) ఉంటే దాంట్లో ర్యామ్ 512 ఎంబీ ఇచ్చి లేపి చూడండి, ఎన్ని సీడీలు మిగులుతాయో మీకే తెలుస్తుంది.

రీమాస్టర్ అంతా నా వల్ల కాదు, తేలిక దారి లేదా?

ఉంది, నేను ఇప్పుడు ఎక్కువగా చేసేది అదే. పప్పీ లేచేటప్పుడు అసలు ఎస్ఎఫ్ఎస్‌తో పాటు ఏడ్రైవ్, వైడ్రైవ్ అనే పేర్లతో మొదలయ్యే ఎస్ఎఫ్ఎస్‌లు పక్కన ఉన్నాయేమో చూస్తుంది. ఉంటే అచ్చుబొమ్మ మీద ఇంకో పొరలా వాటిని కూడా కలుపుకుంటుంది. జెడ్‌డ్రైవ్‌లో డ్రైవర్లు, ఎఫ్‌డ్రైవ్‌లో ఫర్మ్‌వేర్ ఇలాగే వస్తాయి. అంటే మీ తెలుగు ఫాంట్లు, సెట్టింగులు, వాల్‌పేపర్ ఒక ఫోల్డర్‌లో అవి సిస్టంలో ఏ దారిలో ఉండాలో అదే దారిలో పెట్టి, డిర్2ఎస్ఎఫ్ఎస్ అనే కమాండ్ ఆ ఫోల్డర్ మీద నడిపితే ఎస్ఎఫ్ఎస్ తయారవుతుంది. దానికి మీ పప్పీ వెర్షన్‌కి సరిపోయే పేరు పెట్టాలి, పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా పట్టించుకోదు, అసలు ఎస్ఎఫ్ఎస్ పేరు చూసి అదే తోక తగిలించండి. కొత్త పప్పీ వచ్చినప్పుడు అసలు ఫైల్ మార్చుకుని మీ పొరని అలాగే పైన వేసుకోవచ్చు. రీమాస్టర్‌లో ఆ సౌకర్యం లేదు, మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. నా తెలుగు పొర ఇలా ఒకే ఫోల్డర్ నుంచి ఎన్నో కంప్యూటర్లలోకి వెళ్లింది.

తెలుగు డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తోంది.

ఫాంటు లేదు, అంతే. లోహిత్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు, మండలి, ఇవన్నీ ఉచితంగా పంచుకోదగ్గవే. టీటీఎఫ్ ఫైల్ (ఫాంటు ఫైల్) తెచ్చి యూఎస్ఆర్ ఫోల్డర్ లోపల షేర్ లోపల ఉండే ఫాంట్స్ ఫోల్డర్‌లో వేసి, గ్రాఫిక్ సర్వర్ రీస్టార్ట్ చెయ్యండి. రెండు ఫాంట్లు చాలు. చదవడానికి నోటో, శీర్షికలకి రామభద్ర నాకు ఇష్టం.

టైపింగ్‌కి, ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డ్ పద్ధతి) వచ్చినవాళ్లకి ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, కీబోర్డ్ సెట్టింగుల్లో ఇండియా కింద తెలుగు ఎంచుకుని, ఆల్ట్ షిఫ్ట్ నొక్కితే మారేట్టు పెట్టుకోవచ్చు. ఆ కమాండ్‌ని ఒక చిన్న స్క్రిప్టుగా రూట్ లోపలి స్టార్టప్ ఫోల్డర్‌లో పెడితే ప్రతిసారీ దానంతట అదే అమలవుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఆర్టీఎస్ అలవాటు ఉన్నవాళ్లు ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ ప్రోగ్రామ్‌లు వేసుకోవాలి, అది కాస్త ర్యామ్ తింటుంది, 512 ఎంబీ కంప్యూటర్లో ఆలోచించి వెయ్యండి. పిల్లలకి మాత్రం మొదటి నుంచీ ఇన్‌స్క్రిప్ట్ నేర్పండి. అక్షరాలు వరుస పద్ధతిలో ఉంటాయి, వారం రోజుల్లో చెయ్యి తిరుగుతుంది.

అను ఫాంట్లు, పేజ్‌మేకర్ వస్తాయా?

రావు. శుభలేఖలు, ఫ్లెక్సీలు కొట్టేవాళ్లు అందరూ అడిగేది ఇదే, అందుకే సూటిగా చెబుతున్నాను. అను యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ ఉమ్మడి అక్షరాల పద్ధతి) కాదు, విండోస్ కోసం చేసిన వేరే లెక్క. డీటీపీ షాపు వాళ్లు ఆ పనికి విండోస్ కంప్యూటర్ ఒకటి విడిగా, నెట్ లేకుండా ఉంచుకోండి. పప్పీని పక్క కంప్యూటర్లో మిగతా పనులకి వాడండి.

ప్రింటర్ పనిచేస్తుందా?

ప్రింటర్ పేరు చెప్పకుండా దీనికి జవాబు లేదు. పప్పీలో ప్రింటింగ్ చూసేది కప్స్. మన వైపు జిరాక్స్ షాపుల్లో ఎక్కువ కనిపించే రెండిటి గురించి చెబుతాను. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే దానికి ఫర్మ్‌వేర్ పంపాలి, పంపకపోతే రాయిలా కూర్చుంటుంది. ఫూ2జెడ్‌జేఎస్ ప్యాకేజీ వేసి ఆ ఫర్మ్‌వేర్ ఫైల్ పెట్టుకుంటే పని జరుగుతుంది. క్యానన్ ఎల్‌బీపీ2900 అసలు తలనొప్పి, దానికి క్యానన్ సొంత క్యాప్ట్ డ్రైవరు, దాంతో పాటు వెనక నడిచే ఒక సర్వీసు కావాలి, ఒకసారి కుదిరిందంటే కదపకండి, ఆ స్థితిలోనే సేవ్ ఫైల్ కాపీ తీసి దాచుకోండి.

డాట్ మ్యాట్రిక్స్ వాడే వాళ్లకి మంచి కబురు. కాటా బిల్లులు కొట్టే పాత ప్రింటర్లు ఎక్కువగా ఎప్సన్ పద్ధతినే పాటిస్తాయి, కప్స్‌లో ఎప్సన్ 9 పిన్ అని ఎంచుకుంటే చాలాసార్లు మొదటి ప్రయత్నంలోనే కొడతాయి.

ఏ వెబ్‌సైట్ తెరిచినా భద్రత లేదని ఎర్ర హెచ్చరిక వస్తోంది.

తేదీ చూడండి. మదర్‌బోర్డ్ మీద సీఆర్2032 బటన్ సెల్ అయిపోయి ఉంటుంది, కంప్యూటర్ తను ఎన్నో ఏళ్ల వెనక ఉన్నాననుకుంటుంది, అప్పుడు సైట్ల సర్టిఫికెట్లు ఇంకా మొదలే కానట్టు లెక్క. తేదీ సరిచేస్తే పోతుంది, సెల్ మారిస్తే మళ్లీ రాదు. తేదీ సరిగ్గానే ఉంటే బ్రౌజర్ పాతదై ఉంటుంది. గూగుల్ క్రోమ్ 32 బిట్ లినక్స్‌కి 2016లోనే ఆగిపోయింది, ఫైర్‌ఫాక్స్ కూడా 144వ వెర్షన్‌తో ఆపేసింది, కాబట్టి 32 బిట్ కంప్యూటర్‌ని బ్రౌజింగ్ కోసమే తీసుకోవాలనుకునేవాళ్లు మానుకోండి.

యూట్యూబ్?

కోర్ 2 డుయో, 2 జీబీ ఉంటే 360, 480 సాఫీగా నడుస్తాయి. పెంటియం 4లో బ్రౌజర్‌లో నరకం, ఎంపీవీ ప్లేయర్‌లో తెరిస్తే 360 చూడొచ్చు. ఫోన్‌లో దింపుకున్న వీడియోని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి చూడటం అన్నిటికన్నా హాయి.

వైఫై దొరకట్లేదు.

పాత ల్యాప్‌టాప్‌లో బ్రాడ్‌కామ్ కార్డు ఉంటే ఫర్మ్‌వేర్ విడిగా వెయ్యాలి. దానికి నెట్ కావాలి, నెట్‌కి అది కావాలి. ఈ చిక్కులోంచి బయటపడటానికి ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో కలిపి టెథరింగ్ ఆన్ చెయ్యండి, ఆండ్రాయిడ్ ఫోన్ అయితే పప్పీ దాన్ని మామూలు కేబుల్ నెట్‌లా చూస్తుంది.

పప్పీ ఎప్పుడూ రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా నడుస్తుందంట కదా, ప్రమాదం కాదా?

నిజమే, మిగతా లినక్స్‌లలా మనం మామూలు యూజర్‌గా లాగిన్ అవ్వం. ఏదైనా చెడ్డ ప్రోగ్రామ్ లోపలికి వస్తే దానికి అడ్డు తక్కువ. అదే సమయంలో సేవ్ ఫైల్ లేకుండా సీడీ నుంచి లేపితే ప్రతిసారీ కడిగిన పలకలా మొదలవుతుంది, అది పెద్ద బలం. బ్యాంకు పని చేసుకునేవాళ్లకి నా సలహా ఇది: పీఫిక్స్ ఈక్వల్స్ ర్యామ్‌తో లేపండి, బ్రౌజర్ తాజాగా ఉన్న సీడీ వాడండి, నేరుగా బ్యాంకు సైట్‌కే వెళ్లండి, అయిపోయాక ఆపేయండి. అదే కంప్యూటర్ పదిమంది వాడేదైతే బ్యాంకు పని ఫోన్‌లోనే చేసుకోండి.

హార్డ్ డిస్క్‌లో ఉన్న విండోస్, ఫొటోలు పోతాయా?

మీరు చెరిపితే తప్ప పోవు. నిజానికి విండోస్ లేవని కంప్యూటర్ నుంచి పెళ్లి ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు బయటికి తీసుకోవడానికి పప్పీ సీడీ కన్నా మంచి సాధనం నాకు తెలియదు. డెస్క్‌టాప్ కింద డ్రైవుల బొమ్మలు వరుసగా ఉంటాయి, ఒకటి నొక్కి తెరిచి పెన్‌డ్రైవ్‌లోకి లాగడమే. పార్టిషన్లు మార్చే, చెరిపే జీపార్టెడ్ అనే ప్రోగ్రామ్ మాత్రం తెలియకుండా తెరవొద్దు.

లేస్తోంది గానీ తెర నల్లగా ఉండిపోతోంది.

బూట్ వరుసకి నోమోడ్‌సెట్ అని కలిపి చూడండి. అదీ కాకపోతే పీఫిక్స్ ఈక్వల్స్ నాక్స్‌తో లేపి, ఎక్సార్గ్‌విజార్డ్ నడిపి వెసా డ్రైవర్ ఎంచుకోండి, రంగులు, సైజు గొప్పగా ఉండకపోయినా బొమ్మ వస్తుంది.

ఎండాకాలంలో గంటకోసారి ఆగిపోతోంది, పప్పీ తప్పేనా?

రోహిణి కార్తెలో మనమే నిలబడలేం. హీట్‌సింక్ ఫ్యాన్ తీసి దుమ్ము దులపండి, ఎండి పెంకు కట్టిన థర్మల్ పేస్ట్ గీకేసి కొత్తది రాయండి. సముద్రం దగ్గరి ఊళ్లలో అయితే ర్యామ్ కాళ్ల మీద ఉప్పుగాలికి మసక పడుతుంది, తీసి రబ్బరుతో మెల్లిగా రుద్ది పెడితే చచ్చిపోయాయనుకున్న కంప్యూటర్లు లేచి కూర్చున్నాయి.

పప్పీ కాకుండా ఇంకేం ఉన్నాయి?

ఆంటీఎక్స్ చాలా మంచిది, డెబియన్ మీద కట్టింది, నడుస్తున్న సిస్టంని ఉన్నదున్నట్టు ఐఎస్ఓగా మార్చే స్నాప్‌షాట్ సాధనం అందులోనే ఉంటుంది. విడిగా యూజర్ కావాలి, రూట్ వద్దు అనేవాళ్లు అటు వెళ్లండి. టైనీ కోర్ కొన్ని పదుల ఎంబీల్లోనే వస్తుంది గానీ అన్నీ మనమే కట్టుకోవాలి, నేర్చుకోవాలనే తపన ఉన్నవాళ్లకి అది బడి. డ్యామ్ స్మాల్ లినక్స్ ఒకప్పుడు 50 ఎంబీ, 2024లో మళ్లీ వచ్చినప్పుడు ఒక సీడీ నిండా అయింది, కాలం ఎంత బరువెక్కిందో దాన్ని చూస్తే తెలుస్తుంది.

నేను చేసిన సీడీ స్నేహితులకి ఇవ్వొచ్చా?

ఇవ్వండి, పది మందికి ఇవ్వండి. అందులో ఎక్కువ భాగం జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద ఉన్నదే, కాబట్టి ఎవరైనా సోర్స్ (ప్రోగ్రామ్ రాసిన అసలు కోడ్) అడిగితే ఇవ్వగలిగి ఉండాలి. ఏ పప్పీ నుంచి చేశారో స్పష్టంగా రాసి, మీ మార్పుల ఫోల్డర్ దాచి ఉంచుకోండి. డబ్బుతో కొన్న ఫాంట్లు, ప్రింటర్ కంపెనీల సొంత డ్రైవర్లు అందులో పెట్టి పంచకండి. ఇచ్చే ముందు పీఫిక్స్ ఈక్వల్స్ ర్యామ్‌తో లేపి, మీ పాస్‌వర్డులు ఏవీ మిగల్లేదని చూసుకోండి.

సీడీ మీద ఏం రాయాలని కూడా అడుగుతుంటారు. పప్పీ వెర్షన్, 32నా 64నా, తయారు చేసిన తేదీ, బూట్ మెనూకి నొక్కాల్సిన కీ, ఈ నాలుగూ రాయండి. సీడీ మార్కర్‌తోనే రాయండి. బాల్‌పెన్ వద్దు, డేటా ఉండే పొర మెరిసే వైపు కాదు, మనం పేరు రాసే వైపే పల్చటి పూత కింద ఉంటుంది, పెన్ను ముల్లు నొక్కితే గీత పడేది దాని మీదే.